అత్త గాలి తీసిన టైర్లు

అత్త చనిపోయిందని నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "బండి ఎక్కడుంది?"

ఆ మాట మా ఇంట్లో ఇంకా నన్ను వదల్లేదు. నాన్న స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడట. పక్కన అమ్మ ఉంది, అమ్మ పక్కన మా తెలుగు సంఘం వాళ్లు ఇద్దరు ఉన్నారు. సాయంత్రానికల్లా ఆ మాట సముద్రం దాటి మా ఊరు చేరిపోయింది. "మనిషి ఇంకా చల్లబడనేలేదు, అప్పుడే జీపు మీద పడింది దాని కన్ను" అని బంధువులు అనుకున్నారని అమ్మే నాకు చెప్పింది. చెప్పి, "అసలెందుకే అలా అడిగావు?" అంది. ఒకసారి తప్పుగా విన్న మాటను మళ్లీ విడమరిచి చెప్తే ఇంకా తప్పుగా వింటారు. మా ఇంట్లో ఇది నాకు కొత్త కాదు.

మీకు చెప్తాను. అత్త ఎక్కడుందో తెలియాలంటే బండి ఎక్కడుందో అడగాలి. నాకు తెలిసిన అత్తకు అదే అడ్రసు. బండి ఇక్కడ బహ్రెయిన్‌లో, హూరా పేటలో తన బిల్డింగు కిందే ఉందంటే అత్త తన గదిలో, తన మంచం మీద పోయినట్టు. ఎడారిలో ఉందంటే స్టీరింగు పట్టుకుని, చుట్టూ కేకలేసే నలుగురి మధ్య పోయినట్టు. నేనడిగింది బండి గురించి కాదు. పోయేటప్పుడు అత్త పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"కిందే ఉంది బండి" అన్నాడు నాన్న.

అంటే ఎవరూ లేరు.

అత్త నాన్నకు సొంత అక్క. క్లినిక్‌లో నర్సు. నేను పుట్టకముందే బహ్రెయిన్ వచ్చింది, తర్వాత తమ్ముడికి ఉద్యోగం చూసి మమ్మల్నీ రప్పించింది. మేం గలాలీలో, తను హూరాలో. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్న దానికి మా చుట్టాల్లో రకరకాల కథలున్నాయి. ఏ కథలోనూ అత్త నోరు విప్పి మాట్లాడదు, ఎవరో ఒకరు ఆమె బదులు మాట్లాడేస్తుంటారు. నిజంగా ఆమెను అడిగితే మాత్రం, "పెళ్లికొడుకు వచ్చాడే, కానీ వాడికి గేర్లు వెయ్యడం రాదు" అనేది.

బండ్ల పిచ్చి చిన్నప్పటిది. తాత గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లు జీపుకు డ్రైవరు. మలుపులో జీపు చప్పుడు వినే తాత ఏ మూడ్‌లో వస్తున్నాడో అత్త చెప్పేసేదట. "గేరు కొరుకుతూ వస్తున్నాడమ్మా, అన్నం త్వరగా పెట్టెయ్" అని నాయనమ్మను హెచ్చరించేది. తాత మాత్రం డ్రైవింగు కొడుక్కే నేర్పాలని కాలువ గట్టు మీదికి తీసుకెళ్లాడు. నాన్న మొదటి రోజే జీపును తీసుకెళ్లి గుర్రపుడెక్కలో దింపాడు. గట్టు మీద నిలబడి చూస్తున్న అత్త లంగా ఎగదోపుకుని నీళ్లలోకి దిగి, తమ్ముణ్ణి సీట్లోంచి లాగి, 'నేను నడుపుతాను' అని జీపును రివర్సులో పైకి తెచ్చింది. ఎవరు నేర్పారని తాత అడిగితే, "నీ పక్కన కూర్చుని నీ కాళ్లు చూశాను" అందట.

నాన్న ఆ తర్వాత మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. ఇక్కడ కూడా కంపెనీ బస్సులోనే వెళ్తాడు. ఇది ఎందుకు చెప్తున్నానో ముందు ముందు మీకు తెలుస్తుంది.

ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మా తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే. చలికాలంలో ఎడారిలో జరిగే బండ్ల పందాలూ శుక్రవారమే. అత్త రెండింటినీ వదల్లేదు. పొద్దున వెనక వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా పాడి, దీవెన అవ్వగానే లేచిపోయేది. భోజనాలకు ఆగేది కాదు. చీర కింద స్పోర్ట్స్ షూ కనపడకుండా నడవడం ఒక విద్య, ఆమెకు వచ్చు.

"సిస్టరమ్మ గారూ, శుక్రవారం కూడా డ్యూటీయేనా?" అని ఎవరో ఒకరు జాలిగా అడిగేవారు.

"ఆ, డ్యూటీయేనమ్మా. తప్పదు" అనేది. మొహంలో ఒక్క గీత కూడా మారేది కాదు.

నేను విజయవాడలో డిగ్రీ చదివి తిరిగొచ్చాక ఆ డ్యూటీకి నన్నూ వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టింది. అప్పటికే నేను ఒక ఉద్యోగం మానేసి ఇంకొకటి పట్టి, దాన్నీ మానేసే ఆలోచనలో ఉన్నాను. ఇప్పుడు బండ్ల ఇన్సూరెన్సు ఆఫీసులో ఎవరి బండి ఎవరికి గుద్దుకుందో టైపు చేస్తున్నాను, ఇదీ ఎన్నాళ్లో తెలియదు. ఇంట్లో దీనికి 'కుదురు లేకపోవడం' అని పేరు. అత్త ఒక్కసారి కూడా "తర్వాతేంటి?" అని అడగలేదు. "సీటు బెల్టు పెట్టుకో" అనేది, అంతే.

పందెమంటే టీవీలో చూసేలాంటిది కాదు. కర్జకాన్ అనే పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి ఇసుకలో జెండాలు పాతేవాడు. రిటైరైన మనిషి, సన్నగా, ఎప్పుడూ చేతిలో టీ ఫ్లాస్కు. మలయాళీలు, పాకిస్తానీలు, అక్కడి అరబ్బులు, అందరూ తమ పాత బండ్లు వేసుకొచ్చేవాళ్లు. జెండాల చుట్టూ తిరిగి, చివర్లో ఒక ఇసుక గుట్ట ఆగకుండా ఎక్కాలి. కప్పులు, పతకాలు ఏమీ లేవు. నెగ్గినవాళ్లు అందరూ కలిసి తినే అన్నం పళ్లెంలో మొదట చెయ్యి పెడతారు. అదే బహుమతి.

అత్త ఎన్నడూ ఆ పళ్లెంలో మొదట చెయ్యి పెట్టలేదు. జెండాల దగ్గర బాగానే వచ్చేది, గుట్ట మీద ఓడిపోయేది. శిఖరం ఇంకాస్త దూరం ఉందనగా జీపు ఆయాసపడి, నిలబడి, వెనక్కి జారేది. ఓడిపోవడం ఆమెకు చేతకాదు. మూతి ముడుచుకుని, ఆ పళ్లెం వైపు చూడకుండా, జీపులో కూర్చుని డబ్బాలోంచి పెరుగన్నం తినేది. పెద్దాయన వచ్చి కిటికీ మీద తట్టేవాడు. ఆయన హిందీ సగం, అత్త అరబ్బీ సగం, రెండూ కలిస్తే ఒక భాష అయ్యేది.

"సిస్టర్, బ్రేక్ అంటే నీకు తెలుసా?"

"డ్యూటీలో తెలుసు భాయ్. ఇక్కడ తెలీదు."

"అన్నం చల్లారిపోతోంది. యల్లా, రా."

"ముందు నీ గుట్టను కాస్త పొట్టి చెయ్, వస్తా."

నాకు వీటన్నిటికంటే ఎక్కువ గుర్తుండేది పందేనికి ముందు సంగతి. రోడ్డు దిగి ఇసుకలోకి వెళ్లేముందు టైర్లలో గాలి తగ్గించాలి. గట్టి టైరు ఇసుకను తవ్వుకుని కూరుకుపోతుంది. మెత్తబడితే వెడల్పై పైపైన పోతుంది. తిరిగి రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి, లేకపోతే స్పీడులో టైరు వేడెక్కి చీలిపోతుంది. అందరూ పాటలు పెట్టుకుని, కబుర్లాడుకుంటూ ఈ పని చేసేవాళ్లు. అత్త మాత్రం టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాల్వు నొక్కి, తల ఒక పక్కకు వంచి వినేది. అచ్చం బీపీ చూసేటప్పటి మొహం. నేనేదైనా మాట్లాడబోతే చెయ్యి ఎత్తి ఆపేది.

"పేషెంటు ఊపిరి వదుల్తుంటే మాట్లాడకూడదే."

నాలుగు టైర్లూ అయ్యేదాకా నేను నోరు మూసుకునేదాన్ని. ఎడారిలో గాలి చప్పుడు, టైర్లోంచి గాలి చప్పుడు. నా బుర్రలో ఎప్పుడూ తిరిగే చక్రం ఆ కాసేపే ఆగేది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. తెలుసనుకుంటాను.

తిరిగొచ్చాక ఇంకొక అలవాటు. హూరాలో బిల్డింగు కింద బండి ఆపి, ఇంజను కట్టేసి, దిగేది కాదు. ఎదురుగా బకాలా కొట్టు లైటు, హోటల్ బోర్డుల రంగులు అద్దం మీద పడుతుండేవి. నేను తలుపు తీయబోతే, "కాసేపు ఆగవే. పైకెళ్తే గదే కదా" అనేది. ఆ మాట మామూలుగా అనేది, ఉప్పు తక్కువైందన్నట్టు. ఇద్దరం అలా కూర్చునేవాళ్లం. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమనేది. మాతో ఉండమని అమ్మ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు, అందుకని మా ఇంట్లో ఆమెకు ఒంటరితనమే ఇష్టమని తేల్చేశారు. పక్క సీట్లో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. ఆమెకు ఇష్టం లేనిది ఒంటరితనమే. కాకపోతే జాలితో పెట్టే అన్నం అంతకంటే ఇష్టం లేదు.

చివరి శుక్రవారం నాకు ఆఫీసు డ్యూటీ పడింది. అత్త ఒక్కతే వెళ్లింది. శనివారం క్లినిక్‌కు రాలేదని వాళ్లు నాన్నకు ఫోన్ చేశారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

ఆ రోజు అందరూ పైన గదిలో ఉన్నారు. నేను కిందికొచ్చి జీపు దగ్గర నిలబడ్డాను. నాలుగు టైర్లూ మెత్తగా ఉన్నాయి. చేత్తో నొక్కి చూశాను. ఇసుకలో ఎంత ఉండాలో అంతే ఉన్నాయి.

అత్త ఆ టైర్లతో హైవే మీద ఇంటిదాకా వచ్చింది. ఎన్నడూ చెయ్యని పని. గాలి నింపనిదే రోడ్డెక్కిన వాళ్లను పట్టుకుని తిట్టే మనిషి. కర్జకాన్ పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు ఏడ్చి అప్పుడు చెప్పాడు. ఆ రోజు అత్త గుట్ట సగంలోనే బండి తిప్పేసిందట. 'ఖలాస్, అలసిపోయాను' అందట. పంపు తెచ్చి గాలి పట్టిస్తానంటే, ఇంటి దగ్గర నింపుకుంటానందట. వెళ్లిపోతూ కిటికీలోంచి గుట్టకు వేలు చూపించి, "వచ్చే శుక్రవారం చూస్తా నీ సంగతి" అందట.

నర్సు. తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆమెకు కొంచెమైనా తెలిసే ఉంటుంది. నెమ్మదిగా, పక్క లేన్‌లో, ఆ మెత్తటి టైర్ల మీద ఇంటికొచ్చి, కింద కాసేపు కూర్చుందో లేదో. పక్క సీటు ఖాళీ.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తెల్లారి ఎలా చెప్పాలా అనుకుంటూ మళ్లీ హూరా వెళ్లేసరికి టైర్లు నాలుగూ గట్టిగా, గుండ్రంగా ఉన్నాయి. జీపు అమ్మకానికి పెట్టాలని నాన్న అనుకున్నాడు. బండి సంగతి తెలియని మనిషి కదా, టైర్లు పంచరయ్యాయనుకుని పక్క సందులో షాపతన్ని పిలిపించి గాలి పట్టించాడు. అక్క బండి అలా దిగాలుగా ఉంటే చూడలేకపోయానన్నాడు. నేను వీధిలో నిలబడి నాన్న మీద అరిచాను. "ఎవరు పట్టమన్నారు గాలి? ఎవరినడిగి పట్టించావు?" జనం ఆగి చూశారు. నాన్న చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు. ఆ టైర్లలో గాలి తీయడం అత్త చేత్తో చేసిన ఆఖరి పని. ఆ వాల్వుల మీద ఆఖరున ఉన్నది ఆమె వేలు. ఇదంతా వీధిలో ఎలా చెప్పను? "గాలి కోసం గొడవేమిటే, పిచ్చెక్కిందా" అంది అమ్మ.

అత్త కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలోనూ అంతే. పాస్టరు గారు ఎంతో ప్రేమగా, "సెలవు దినాన కూడా విశ్రాంతి తీసుకోక, రోగుల సేవకై పరుగెత్తిన సహోదరి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. చీర కింద ఆ షూ కళ్లముందు కనిపించింది. చున్నీ అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగాయి. అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు, అమ్మ తప్ప. అత్త ఉంటే మాత్రం నా చెయ్యి గిల్లి, "నోరు మూసుకోవే" అనేది, తనూ నవ్వుతూ.

అత్తను ఊరికి పంపించాం. నాన్న, అమ్మ వెంట వెళ్లారు. నాకు సెలవు దొరకలేదు. గలాలీ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. నిన్న నాన్న ఫోన్ చేశాడు.

"శుక్రవారం బండి కొనేవాళ్లొస్తారు. తాళాలిచ్చెయ్యమ్మా."

"ఇవ్వను నాన్నా."

"ఏం చేస్తావే దాన్ని?"

"నడుపుతాను."

"ఒక్కదానివేనా?"

"అత్త ఒక్కతే నడపలేదా?"

ఫోన్లో ఊళ్లో కాకుల అరుపు వినిపించింది. తర్వాత నాన్న, "గట్టు మీద అక్క కూడా నడుపుతాననే అంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం హూరా వెళ్లి జీపులో కూర్చున్నాను, డ్రైవరు సీట్లో. సీటు నాకు కాస్త ముందుకుంది, అత్త పొట్టి. జరపలేదు. కాళ్ల దగ్గర పట్టా మీద ఇసుక అలాగే ఉంది. ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు ఉంచి, కట్టేశాను. టిక్కు టిక్కుమంటూ చల్లారింది. బకాలా లైటు అద్దం మీద పడింది. పక్క సీట్లో ఎవరూ లేరు. పైకెళ్లడానికి గది కూడా లేదు, ఇంటి ఓనరు ఖాళీ చేయించాడు.

టైర్లు గట్టిగా ఉన్నాయి. శుక్రవారం రోడ్డు దిగే చోట వాటిలో గాలి నేనే తీస్తాను, మాట్లాడకుండా. గుట్ట ఎక్కగలనో లేదో తెలియదు.

బండి అమ్మడం లేదు.