పెళ్ళిరాటకు చెవి ఆనించిన మేష్టారు

మా ఎదురింటి మేష్టారు పోయారు. రోహిణీకార్తె ఎండలు ఇంకా తగ్గని రోజుల్లో, తెల్లారగట్ల ఆయన భార్య మా గుమ్మం ముందుకొచ్చి తలుపు కొట్టకుండా నిలబడి ఉంది. నేను పాలకని బయటికి వచ్చి చూశాను. "అన్నయ్యగారూ, ఆయన లేవడం లేదండి" అంది. ఆ మాట అన్న తీరులోనే నాకు అర్థమైపోయింది. ఉక్కు ప్లాంటు పక్క బస్తీ, ఈ క్యాంప్ టూలో మా వీధి ఎంత ఇరుకంటే, ఈ అరుగు మీద దగ్గితే ఆ అరుగు మీదివాళ్ళు మంచినీళ్ళు తెస్తారు. ఆ వీధి దాటడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది.

ఆయన్ని సాగనంపి వచ్చిన వారంలోనే మా ఇంటికి ఒక శుభవార్త వచ్చింది. మా అమ్మాయి జబల్‌పూర్ నుంచి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసింది. సాల చెట్ల అడవుల్లో చెట్టు తొలిచే పురుగు జాడ కనిపెట్టి ఉండడానికి డబ్బు మంజూరైందట. పురుగు కనిపించినా కనిపించకపోయినా ప్రతి వానాకాలం మనుషులు వెళ్ళి చూస్తారట. ఆ పనిలో తననీ తీసుకున్నారట. మేష్టారు ఏళ్ళ తరబడి అడిగింది అచ్చంగా అదే. నేను రిసీవరు పెట్టేసి, చెప్పులు కూడా మరిచిపోయి పరిగెత్తుకొచ్చాను. ఆయన అరుగెక్కి "మేష్టారూ" అని కేకేశాక గుర్తొచ్చింది. ఇంత సంతోషం నా జన్మలో ఎరగను. ఒళ్ళంతా పొంగిపోతోంది. దాన్ని పట్టుకెళ్ళి ఎవరి చేతిలో పెట్టాలో తెలియక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను ఎనిమిదో తరగతి చదివి, ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైనవాణ్ణి. తప్పులుంటే పెద్ద మనసుతో చదువుకోండి.

మేష్టారిది విజయనగరం పక్క, మాది శ్రీకాకుళం పక్క. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. మా అమ్మాయి ఆయన దగ్గరే చదువుకుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు ద్వారబంధాన్ని వేలికణుపుతో కొట్టి, చెవి ఆనించి వినడం ఆయన అలవాటు. మనుషుల్ని పలకరించడం ఆ తర్వాతే.

"ఏటండి మేష్టారూ, మా గుమ్మానికి జొరమొచ్చిందేటి?" అనేది మా ఆవిడ.

"నాడి బాగానే ఉంది చెల్లెమ్మా. టీ పడితే ఇంకా బాగుంటది" అనేవారు.

నన్ను 'ఫోర్‌మన్‌గారూ' అని పిలిచేవారు. నేను ఎన్నడూ ఫోర్‌మన్‌ని కాను. కానీ మీ గొంతుకి అదే తగిన ఉద్యోగం అనేవారు.

బీడీ గానీ సిగరెట్టు గానీ ముట్టని మనిషి, జేబులో మాత్రం ఎప్పుడూ అగ్గిపెట్టెలుండేవి. పుల్లలు పారబోసి వాటిల్లో పురుగుల్ని పెట్టేవారు. ఆయన భార్య స్టవ్ వెలిగించబోయి పెట్టె తెరిస్తే లోపల మీసాలు కదులుతూ కనిపించేవి. "ఈ ఇంట్లో టీ పెట్టాలంటే ఎదురింటికెళ్ళి నిప్పు అడుక్కోవాలి" అని మా ఆవిడతో మొరపెట్టుకునేది. "ఒక్క అగ్గిపెట్టైనా నా పేరున వదిలీమని సెప్పండమ్మా."

ఆయన పట్టుకున్న పురుగు సాల చెట్టుది. మనం గుగ్గిలం చెట్టు అంటాం, ఇక్కడివాళ్ళు సరై అంటారు. ఆ పురుగు బెరడు కింద గుడ్డు పెడితే పిల్ల లోపలికి తొలుచుకుంటూ పోయి ఏడాదంతా చెట్టు గుండెను తింటుంది. తొలకరి పడగానే రెక్కలొచ్చి బయటికి వస్తుంది. దాన్ని చూసే పద్ధతి ఒకటి ఉంది. తొలివానకి ఒక సాల చెట్టు కొట్టి, దుంగల కొసల్ని పళ్ళపుల్ల నమిలినట్టు చితగ్గొట్టి అడవిలో పడేస్తారు. ఆ రసం వాసనకి పురుగులు కల్లుపాకకి చేరినట్టు చేరతాయి. ఎన్ని చేరాయో చూస్తే అడవి ఆరోగ్యం తెలుస్తుంది. మేష్టారు ఏటా సెలవు పెట్టి ఆ పని మీద వెళ్ళేవారు. దానికి ఒక ఆఫీసు కొద్దిగా డబ్బు ఇచ్చేది. చాలా ఏళ్ళు పురుగు పెద్దగా కనిపించలేదు. కనిపించని పురుగుకి ఖర్చెందుకని ఆ డబ్బు ఆపేశారు.

అలా ఆపేసిన కొన్నేళ్ళకి మా అమ్మాయి పెళ్ళి వచ్చింది. జ్యేష్ఠమాసం ముహూర్తం. పందిరి రాటకి మన పక్క నేరేడు కొమ్మో, సన్నపాటి గెడో పాతుతాం. నాకేమో ఒక్కగానొక్క కూతురు. సన్న గెడ పాతడానికి మనసొప్పలేదు. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల దారిలో దుంగల లారీ ఆగి ఉంటే డ్రైవర్‌ని బతిమాలి, నడుమంత లావున్న పచ్చి సాల దుంగ, బెరడుతో సహా దింపించుకున్నాను. నలుగురు పట్టి పాతారు. ముత్తయిదువులు పసుపు రాసి, బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కట్టారు. వీధి వీధంతా వచ్చి చూసింది. నా ఆనందం చెప్పలేను, రాటకి దిష్టి కూడా తీయించాను.

పెళ్ళినాటి ఉదయం తొలివాన పడింది. మగపెళ్ళివారు కాఫీలు తాగుతుంటే రాట బెరడులోంచి బొటనవేలంత పురుగు ఒకటి, ఒంటికన్నా పొడుగు మీసాలతో, బయటికొచ్చింది. దాని వెనక మరొకటి. ఇంకొకటి బొట్టు పెట్టినచోటే కన్నం చేసుకుని వచ్చింది.

మా మేనత్త కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఇదేటి శకునంరా నాయనా. రాటలోంచి పురుగు రావడం మా తాతల్నాడు ఇన్లేదు."

మగపెళ్ళివారి పెద్దాయన కండువా సర్దుకుని లేవబోయాడు. అప్పుడు మేష్టారు కొత్త పంచెతో బురదలో మోకాళ్ళ మీద కూర్చుని రాటకి చెవి ఆనించారు.

"కూర్చోండి బాబూ, ఇవి పిలవని పేరంటాళ్ళు" అన్నారు పెద్దాయనతో. "వానకి వస్తాయి. శకునానికి రావు. మీవాడికి ఇంత మంచి పిల్ల దొరికిందని అడవికీ తెలిసింది."

పెద్దాయన నవ్వేసి కూర్చున్నాడు. మా అమ్మాయి బాసికం కట్టుకున్న మొహంతో గుమ్మంలోంచి చూస్తూ, "మేష్టారూ, అదేనా?" అంది. ఆయన తలూపారు. ఒక్క దుంగలోనే ఇన్నుంటే అడవిలో ఎన్నుంటాయో వాళ్ళిద్దరికీ తెలుసు. పురుగుల్ని అగ్గిపెట్టెల్లో పెట్టుకుంటూ ఆయన నన్ను మెల్లిగా అడిగారు.

"ఫోర్‌మన్‌గారూ, ఈ దుంగ ఏ అడవిది?"

మైకల్ కొండల అవతలి డిపో నుంచి తెచ్చానని డ్రైవర్ అన్నాడని చెప్పాను.

"ఆ పక్కకి ఎవరూ ఎల్లక ఎన్నేళ్ళో అయింది" అన్నారు. తర్వాత అక్షింతలు వేశారు, భోంచేశారు, పాట పాడమంటే పాడారు కూడా. కానీ చూపు రాట మీదే ఉంది. పదహారు రోజుల పండగయ్యాక ఆ రాటని కోయించి, ముక్కలు తన వరండాలో ఇనపజాలీ పెట్టెలో పెట్టుకున్నారు. ఏ వానకి ఎన్ని బయటికొస్తాయో ఇంట్లోనే చూస్తానన్నారు. తర్వాత అడవి నుంచి తెచ్చిన ముక్కలూ అందులోనే చేరాయి.

వచ్చే వానల్లోపు ఎవరైనా ఆ అడవిని వెళ్ళి చూడాలి. ఆయన పట్టుదలంతా అదే. చలికాలంలో భోపాల్ వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్ళారు. అక్కడి అడవుల శాఖ అధికారి మర్యాదస్తుడే, టీ ఇప్పించాడు. మేష్టారు అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పెట్టారు. చచ్చి ఎండిపోయినా పురుగు మీసాలు పొడుగ్గానే ఉన్నాయి.

"మాస్టర్‌జీ, ఒక పెళ్ళిపందిట్లో పురుగొచ్చిందని రాస్తే పైన నవ్వుతారు" అన్నాడాయన హిందీలో. "నా దగ్గర ఆపదకి డబ్బుంది. ఆపద రాకముందుకి లేదు. రానివ్వండి, నేనే పంపిస్తాను."

బయటికొచ్చాక మేష్టారు మెట్ల మీద కూర్చున్నారు. "సూసేవాడికి జీతం లేదంటే, నరికేవాడికి ఓవర్‌టైం ఇవ్వాల్సొస్తది" అన్నారు. అప్పుడు నేను నవ్వాను. ఓవర్‌టైం అన్న మాట మా ప్లాంటు మాట కదా.

ఆపద వచ్చింది. మరుసటి వానల తర్వాత నన్నూ మా అమ్మాయినీ ఆ అడవికి తీసుకెళ్ళారు. పచ్చగా ఉండాల్సిన నెలలో ఆకులు ఎర్రబారి ఉన్నాయి. ప్రతి చెట్టు మొదట్లోనూ పిండిమరలో రాలినట్టు పొట్టు కుప్పగా పోసి ఉంది. దోసిట్లోకి తీసుకుంటే మెత్తగా, ఇంకా తడిగా ఉంది. పురుగు పక్కచెట్లకి పాకకుండా కొట్టాల్సిన చెట్లకి రంగుతో గుర్తు పెట్టారు. గుర్తు లేని చెట్టు కోసం కళ్ళు వెతుక్కున్నాయి. మేష్టారు ఒక చెట్టుని కణుపుతో కొట్టి విన్నారు. ఇంకోదాన్ని కొట్టి విన్నారు. తర్వాత చెయ్యి జేబులో పెట్టేసుకున్నారు. గొడ్డళ్ళ చప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తోంది. అక్కడి గోండు ముసలమ్మ ఒకావిడ కూలికి బెరడు ఒలుస్తూ ఏడుస్తోంది. ఆ చెట్ల పువ్వు పూస్తే వాళ్ళకి పండగ. మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుండిపోయింది. పెళ్ళయ్యాక చదువు మానేద్దామా అని ఊగిసలాడిన పిల్ల, తిరుగు బస్సులో "నేను ఈ పనే చేస్తాను నాన్నా" అంది. మా అల్లుడు హథ్‌ఖోజ్‌లో లేతు నడుపుతాడు. "నా రాటలోంచి వచ్చిన పని, నేను కాదంటే బాగుంటదా" అన్నాడు. బంగారం లాంటి పిల్లడు.

డబ్బు నిజంగానే వచ్చింది, కొట్టడానికీ మొయ్యడానికీ. ఆ చలికాలమంతా కుమ్హారి రోడ్డు మీద సాల దుంగల లారీలు వరసగా పోయాయి. మేష్టారు సాయంత్రాలు సైకిలు మీద అంతదూరం పోయి గట్టున నిలబడేవారు. ఎందుకండీ ఇలా అంటే, "శవయాత్ర ఎదురొస్తే నిలబడతాం కదా" అనేవారు. ఆయనకున్న ఉబ్బసం రాత్రికి ఎక్కువయ్యేది. అయినా పొద్దున్నే కూర్చుని అన్ని ఆఫీసులకీ రాసేవారు. అన్నింట్లోనూ ఒకటే మాట, పురుగు లేని ఏడు కూడా చూడనివ్వండి అని. ఆయనకి చెయ్యి వణకడం మొదలయ్యాక మా అమ్మాయి రాసిపెట్టేది.

ఈ వేసవిలో మంచం పట్టారు. నేను వెళ్ళి కూర్చుంటే వేరే మాట లేదు. "మబ్బేమైనా పట్టిందేటి ఫోర్‌మన్‌గారూ?" నేను బయటికెళ్ళి, కొలిమిలాంటి ఆకాశం చూసి వచ్చి, "పడుతున్నట్టే ఉందండి" అనేవాణ్ణి. ఆయన నమ్మినట్టు తలూపేవారు.

మొన్న తొలకరి పడింది. మా అమ్మాయి అడవికి బయల్దేరే ముందు మేష్టారి ఇంటికి వచ్చింది. నేనూ వెళ్ళాను. వరండాలో జాలీపెట్టె ఆయన పెట్టినచోటే ఉంది. జల్లు కొడుతుంటే లోపలి దుంగ తడిసి గుగ్గిలం వాసన లేచింది. కాసేపటికి బెరడు కన్నంలోంచి రెండు మీసాలు బయటికొచ్చి గాలిని తడిమాయి. తర్వాత పురుగు వచ్చి జాలీని పట్టుకుంది. మా అమ్మాయి కూర్చుని, దుంగకి చెవి ఆనించింది. లోపల ఇంకా ఉన్నాయి అన్నట్టు నాకేసి చూసి, వేలితో దుంగని చూపించింది.

మేష్టారి భార్య లోపలికి వెళ్ళింది. కొత్త అగ్గిపెట్టె ఒకటి తెచ్చి, మా ముందే తెరిచి, పుల్లలన్నీ వరండా గచ్చు మీద కుమ్మరించింది. ఖాళీ పెట్టె మా అమ్మాయి చేతికిచ్చింది.

"పట్టుకెళ్ళమ్మా. ఆయనైతే ఎప్పుడో తీసుకుని ఉందురు" అంది.

పురుగుకి పెట్టె సరిపోలేదు. మూత పెట్టినా మీసాలు రెండు వైపులా బయటికే ఉండిపోయాయి. అలాగే గుప్పిట్లో పట్టుకుని మా అమ్మాయి వానలో బస్సుకి వెళ్ళింది. గచ్చు మీద పుల్లలు జల్లుకి తడుస్తూ ఉన్నాయి. వాటిని మేష్టారి భార్య ఏరుకోలేదు, నేనూ ఏరలేదు.