మంచుబండి ఎడమ కాలు

ఈ ఉదయం కార్డిఫ్ దారిలో అద్దె కారు స్టీరింగు ఎడమకు లాగింది. పెద్దగా ఏమీ కాదు, చంటిపిల్ల కొంగు పట్టుకుని లాగినంత. చేతులు కాస్త వదులు చేస్తే చాలు, బండి మెల్లగా పక్క గీత వైపు జరిగిపోతోంది. రోడ్డు వాలులే అనుకున్నాను. రేడియో పెట్టాను, కట్టేశాను. కిటికీ దించాను, మళ్లీ ఎత్తాను. నా ఎడమ అరచేయి మాత్రం ఊరుకోలేదు. ఓబులేసు అంకుల్ దగ్గర పని నేర్చుకున్న చేయి కదా, ఆ లాగుడు ఎంతో కొలుస్తూనే ఉంది.

ఓబులేసు అంకుల్ ప్రొద్దుటూరులో లారీల కింద పడుకుని పని నేర్చుకున్న మనిషి. వాట్‌ఫర్డ్ శివారులో, ఒక టైల్స్ గోడౌన్ వెనక, ఆయన వర్క్‌షాపు ఉండేది. గడ్డి కోసే యంత్రాలు, పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల బైకులు, ఇంకెవరూ ముట్టుకోని సమస్తమూ అక్కడికి వచ్చేవి. మాస్టర్స్ ముగించి, ఇక గుంటూరు తిరిగి వెళ్లిపోవడమే అనుకుంటున్న నాకు ఉద్యోగమూ, దాంతోపాటు వీసా కాగితాలూ ఇచ్చింది ఆయనే. చేరిన మొదటి వారమే ఎడమకు లాగుతున్న ఒక వ్యానును నడిపి చూసి, చక్రాలు వంకరగా ఉన్నాయని తేల్చేశాను. ఆయన నవ్వారు.

"ఈ దేశంలో రోడ్లన్నీ ఎడమకి వాలుంటాయి పాపా, వాననీళ్లు పోవల్ల గదా. లాగిందని బండిని తిట్టాకు. ముందు రోడ్డును తీసేసి చూడు."

"రోడ్డును ఎలా తీసేస్తాం అంకుల్?"

"ఖాళీ కార్ పార్కుకి పోయి, ఆ కొస నుంచి ఈ కొసకి రా. మళ్లీ ఈ కొస నుంచి ఆ కొసకి పో. రెండుసార్లూ ఎడమకే లాగితే అప్పుడు బండిది తప్పు."

ఆ వ్యానుది ఏ తప్పూ లేదు. ఆ మాట నాకు బాగా నచ్చింది, ఎందుకంటే నెపం వేయడానికి రోడ్డు అనేది ఒకటి దొరికింది. నాకు మొదటినుంచీ నెపాలు వెతుక్కునే గుణం ఉంది.

చేరిన ఆరు వారాలకు మంచుబండి వచ్చింది. ఆయన దాన్ని అలాగే పిలిచేవారు. ముందు మంచు మీద జారే రెండు పొడవాటి పలకలు, అంటే స్కీలు, వెనక రబ్బరు పట్టా, పైన సీటు. మాకు అరగంట దూరంలో ఏడాది పొడవునా లోపల వాలు మీద మంచు పోసి ఉంచే స్కీ హాలు ఒకటుంది. అక్కడ జారుతూ పడి దెబ్బలు తగిలించుకున్నవాళ్లను వెనక కట్టి లాగే స్లెడ్డు మీద కిందికి చేర్చడానికి కొత్త బండి కొన్నారు. పెట్టె విప్పి, బిగించి, నడిచేలా చేసి ఇవ్వడం మా పని. ఆ రోజు అంకుల్ లోపల ఫోనులో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగకుండా, తగుదునమ్మా అని నేనొక్కదాన్నే పెట్టె విప్పి దాన్ని ట్రైలర్ మీంచి ర్యాంపు మీదుగా దించాను. ఎడమ స్కీ ర్యాంపు అంచు దాటి జారింది. బండి బరువంతా ఆ ఒక్క కాలి మీద పడి, కాంక్రీటు మీద దబ్బుమంది. వంగి చూశాను. పైకి గీత లేదు, సొట్ట లేదు. గుడ్డతో తుడిచేసి, ఏమీ జరగలేదనుకున్నాను. అప్పుడు నాకున్న భయం ఒక్కటే. ఈ ఉద్యోగం పోతే వీసా పోతుంది.

హాలు తెరవకముందే ఉదయాన నడిపి చూశాం. అక్కడ భద్రత చూసే హెలెన్ అనే ఆవిడే నడిపింది. పైనుంచి నేరుగా రావలసిన బండి ఎడమ కంచె వైపు జరుగుతూ వచ్చింది.

"మంచు అటు వాలుగా ఉన్నట్టుంది," అన్నాను.

హెలెన్ హెల్మెట్ తీసి, "దీని వెనక స్లెడ్డులో కాలు విరిగిన మనిషి ఉంటారు. కంచెకు కొడితే వాళ్లకు ఏం చెప్పను?" అంది. తిరిగొస్తూ వ్యానులో అంకుల్, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది పాపా నీ మాట," అన్నారు. నాకు చురుక్కుమంది.

మర్నాడు కసిగా కూర్చున్నాను. హ్యాండిలు తిన్నగా ఉండేలా కట్టి, రెండు స్కీల మధ్య దూరం ముందొకసారి, వెనకొకసారి కొలిచాను. ఎడమది పక్కకు చూస్తోంది. స్టీరింగు కడ్డీ తిప్పి సరిచేశాను. అంకెలు పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. మళ్లీ హాలుకు వెళ్లాం. లాగుడు తగ్గింది గానీ పోలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే అంకుల్ తెల్ల నూలు దారపు ఉండ తెచ్చారు. ప్రొద్దుటూరులో మేస్త్రీలు పునాదికి కట్టే దారం లాంటిదే. బండి వెనక రెండు పక్కలా సరిసమానంగా ఉన్న జత బోల్టులను గుర్తుగా పెట్టుకుని, ఒక్కోదాని నుంచి అదే పక్క స్కీ ఇరుసు దాకా దారం లాగి ముడి వేశారు. రెండు దారాలూ విప్పి పక్కపక్కన పట్టుకుంటే, ఎడమది నాలుగు మిల్లీమీటర్లు పొట్టి.

"మొగం తిప్పినావు," అన్నారు. "కాలు యాడుందో సూల్లేదు."

స్కీ చూపు సరిచేశాను గానీ, దాన్ని బండికి పట్టి ఉంచే కింది ఇనుప చేయి వెనక్కి వంగి ఉన్న సంగతి నా అంకెల్లో లేదు. ఆ చేయి ఊడదీసి ఇనుప బల్ల మీద పెట్టారు. వేలితో నొక్కితే టక్కు టక్కుమని ఊగింది. కొత్త బండి. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా తీయలేదు.

ఆయన కొత్త చేయి కోసం తయారీదారుకు పంపే ఫారం ముందు పెట్టుకుని, పెన్ను తీసి, నా వైపు చూడకుండా అడిగారు.

"ఏం రాద్దాం పాపా? పెట్టెలోనే వంగొచ్చిందా?"

నిజం నోటిదాకా వచ్చింది. "అయ్యుండొచ్చు అంకుల్," అన్నాను.

"సరే," అని ఆయన రాసుకున్నారు. కొత్త చేయి వచ్చింది. నేనే బిగించాను. బండి గీత గీసినట్టు దిగింది, హెలెన్ బొటనవేలు చూపించింది. నేను మాత్రం ఆ తర్వాత ఆ హాలు పని వస్తే ఏదో నెపం చెప్పి తప్పించుకునేదాన్ని.

మూడేళ్ల తర్వాత కార్డిఫ్‌లో ఉద్యోగం దొరికింది. వెళ్లేముందు ఫైళ్లు సర్దుతుంటే ఆ ఫారం నకలు కనిపించింది. ఆయన గుండ్రటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్క వాక్యం: మా వర్క్‌షాపులో దించేటప్పుడు దెబ్బ తగిలింది, బాధ్యత నాది. కింద సంతకం. కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"మీకు తెలుసా అంకుల్?"

"ర్యాంపు అంచుకి స్కీ రంగు అంటుకోనుండె. ఆ పొద్దే చూసినా."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితి గదా, ఏం రాద్దామని." నా చేతిలోంచి కాగితం తీసుకుని, "ఇంగోసారి అడిగితే ఒప్పుకుందువు. అడక్కుండా చెప్తావేమో అని చూస్తాంటి."

"మూడేళ్లా?"

"యాడ మూడేళ్లు! పనుల్లో పడి మర్చిపోతి," అని నవ్వి, దారపు ఉండ నా సంచిలో పడేశారు. "కార్డిఫ్‌లో దొరుకుతాదో లేదో, పెట్టుకో."

ఆయన మర్చిపోయారంటే నేను నమ్మలేదు. నమ్మినా నాకు ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే నేను మర్చిపోలేదు. చెప్పాల్సిన రోజున చెప్పలేదు. కాగితం దొరికాక చెప్పడం చెప్పడం కిందికి రాదు.

ఈ ఉదయం కారు తిరిగి ఇచ్చేముందు ఖాళీ కార్ పార్కులో ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు నడిపాను. రెండుసార్లూ ఎడమకే లాగింది. అద్దె కౌంటర్ అమ్మాయి బయటికొచ్చి కారు చుట్టూ తిరిగి, గీతలేమీ లేవని నవ్వుతూ తాళం చెవి కోసం చేయి చాచింది. ఏమైనా ఇబ్బందా అని కూడా అడగలేదు.

"నిన్న సాయంత్రం పార్క్ చేస్తూ ఎడమ చక్రాన్ని పేవ్‌మెంట్ అంచుకు గట్టిగా కొట్టాను," అన్నాను. "పైకి కనిపించదు. కింద చూడండి."