ఇరవయ్యో సెన్సర్

గుడివాడ దగ్గర ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో నాంచారయ్య టెక్నీషియన్. 1999లో అక్కడి డ్రయ్యర్ తగలబడింది. సెన్సర్లు సరిగా బిగించలేదని ఇంజనీరు సుధాకర్ రాసివ్వడంతో నాంచారయ్య ఉద్యోగం ఊడింది.

ఆ పగతోనే అతను విజయవాడలో కంట్రోల్ సిస్టమ్‌లు అమర్చే కంపెనీలో చేరి కంప్యూటర్ పని నేర్చాడు. నాలుగేళ్లకు అదే ఫ్యాక్టరీ కొత్త సిస్టమ్ పెట్టించుకుంటుంటే, అడిగి మరీ వచ్చాడు.

డ్రయ్యర్‌లో వేడిని కొలిచే సెన్సర్ల రీడింగులన్నీ ఒకే వరుసగా కంప్యూటర్‌కు వస్తాయి. వాటిలో మొదటినుంచి ఎన్ని తీసుకోవాలో కంప్యూటర్‌లోని సెట్టింగుల రికార్డులో ముందే రాయాలి. నాంచారయ్య పాత రికార్డు తెరిచి, మేనేజర్ ఎదుటే సుధాకర్‌ని పిలిచాడు.

"ఆ అంకె చదవండి సార్."

"పదహారు."

"సెన్సర్లు ఎన్నండీ?"

"ఇరవై నాలుగు," అన్నాడు సుధాకర్ మెల్లగా.

"మంట పుట్టింది ఇరవయ్యో సెన్సర్ దగ్గర. అది వేడెక్కిందని చెప్తూనే ఉందండి. మీరు రాసిన రికార్డు దాన్ని తీసుకోలేదు."

మేనేజర్ సుధాకర్ వైపు తిరిగాడు.

"పిల్లలు చదువుకుంటున్నారు నాంచారయ్యా, ఇక్కడితో వదిలెయ్," అన్నాడు సుధాకర్.

"అప్పుడు నా పిల్లలూ చదువుకుంటున్నారండి."

తప్పు తనదేనని సుధాకర్ చేత రాయించి, సంతకం పెట్టించాడు. జాలి కలుగుతుందేమోనని కాసేపు చూశాడు. కలగలేదు. కొత్త రికార్డులో ఇరవై నాలుగు అని కొట్టి, బాయిలర్ పని చూడ్డానికి వెళ్లాడు.