నా కూతురి ఫోన్‌లో నా గొంతు

మైదుకూరులో మా నాయనకు బట్టల అంగడి ఉండేది. పూటకో బేరం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, చెప్పిన ధరకు వస్తువు కొనడం నాకు చేతకాదు. పెళ్లయి కర్నూలు వచ్చాక, కూరగాయల బండివాళ్లు నన్ను చూస్తే బండి కాస్త వేగంగా తోస్తారని మా ఆయన అంటాడు. అబద్ధమని చెప్పలేను.

మా అమ్మాయి నిదానం. డాక్టరు కాగితంలో మేధో వైకల్యం అని ఉంటుంది. ఏ పనైనా ముక్కలు చేసి ఒకదాని తర్వాత ఒకటి చెబితే చేస్తుంది. రెండు కలిపి చెబితే మధ్యలో ఆగిపోతుంది. ఇప్పుడు ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో కుట్టుపని, కంప్యూటరు కలిపి నేర్పే కోర్సులో చేరింది. అలాంటి పిల్లలను చూసుకునే టీచరమ్మ ఒకామె మా అమ్మాయి ఫోన్‌లో ఒక యాప్ వేసింది. బొమ్మ నొక్కితే గొంతు వినిపిస్తుంది. బ్యాగు తీసుకో. ఆటో ఎక్కు. కాలేజీ గేటు దగ్గర దిగు. ఒక పని అయ్యాక తర్వాతి బొమ్మ నొక్కాలి.

“మీరే రికార్డు చెయ్యండమ్మా. అలవాటైన గొంతయితే తొందరగా పట్టుకుంటుంది” అంది టీచరమ్మ.

ఆటో, గేటు, క్లాసు దాకా బుద్ధిగానే చెప్పాను. క్యాంటీన్ బొమ్మల దగ్గర నా నోరు ఊరుకోలేదు. “ఎంత అని అడుగు. ఎంత చెప్పినా ఎక్కువ అను. తగ్గించకపోతే వెనక్కి తిరిగి నడువు. పిలిచేదాకా తిరిగి చూడొద్దు.” మా అంగడిలో అది మామూలే. కొనేవాళ్లు మెట్టు దిగాలి, మా నాయన పిలవాలి. దిగకపోతే ఆయనకు నచ్చదు, పిలవకపోతే వాళ్లకు నచ్చదు.

క్యాంటీన్లో ధరలు గోడ మీద రాసి ఉంటాయన్నది నాకు తోచనే లేదు.

అమ్మాయి మొదటిసారి ఒంటరిగా కాలేజీకి పోయిన రోజే మధ్యాహ్నం టీచరమ్మ రమ్మని ఫోన్ చేసింది. నేనూ మా ఆయనా పోయేసరికి అమ్మాయి గేటు దగ్గర ఎండలో, రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. టీచరమ్మ ఎంత బతిమాలినా కదలలేదట.

“ఏం పాపా, ఈడ నిలబడినావేంటికి?” అన్నాను.

“క్యాంటీన్ ఆయప్ప ఇంకా పిలవలా” అంది.

పిలవలేదు కాబట్టి తర్వాతి బొమ్మ నొక్కలేదు. అన్నం తినలేదు. క్లాసుకూ పోలేదు. క్యాంటీన్ ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “నాకేం తెలుసక్కా, వద్దనుకొని పోయిందనుకుంటి. పిలవాలని ఎవురన్నా చెప్పింటే పిలిచేవాణ్ణి గదా.”

మా ఆయన ఇంటికి వచ్చాక అన్నాడు: “కాలేజీ చాల్లే. రేపట్నుంచి పంపేది ల్యాదు. ఆ ఫోన్ మాట విని ఇట్లే రోడ్డు మధ్యలో నిలబడితే?”

ఫోన్ మాట కాదు, నా మాట. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను కోర్సు అయ్యేదాకా పంపుదామన్నాను. ఆయన రేపే మానాలన్నాడు. చివరికి దసరా సెలవుల దాకా చూద్దామన్న దగ్గర బేరం కుదిరింది. ఈలోగా ఇలాంటిది ఇంకొకటి జరిగితే నేను మాట్లాడకూడదు.

వెంటనే ఫోన్ తీసుకుని మళ్లీ రికార్డు చేయబోయాను. అమ్మాయి నా చేతిలోంచి లాక్కుంది.

“వద్దు మా. నువ్వు శానా మాట్లాడ్తావు.”

“మళ్ల ఎవురు చెప్తారు?”

“నేనే చెప్తా.”

మరునాడు టీచరమ్మ పక్కన కూర్చుని తానే రికార్డు చేసుకుంది. వినిపించమంటే వినిపించలేదు. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు అమ్మాయి నీళ్ల సీసాను నేనే బ్యాగులోంచి తీసి ఇంట్లో పెట్టుకుని, అది ఇచ్చే వంకతో కాలేజీకి పోయాను. క్యాంటీన్ స్తంభం వెనక నిలబడ్డాను.

అమ్మాయి బొమ్మ నొక్కింది. ఆమె గొంతే, ఒక్కో మాటా ఆగి ఆగి: “ఏముండాదో అడుగు.” అడిగింది. ఉగ్గాని, బజ్జీ అన్నాడాయన. “దుడ్లు ఇయ్యి.” ఇచ్చింది. “ప్లేటు తీసుకో.” తీసుకుంది. ఎక్కడా ఎక్కువ అనలేదు. ఆయన కూడా పెద్ద ప్లేటే పెట్టాడు.

ఇక నేను పోవచ్చు. నేను రికార్డు చేసిన బొమ్మల్లో దీని తర్వాత ‘తిను’ అని మాత్రమే ఉండేది. అమ్మాయి ప్లేటు బల్ల మీద పెట్టి ఇంకో బొమ్మ నొక్కింది.

“ఆ పాప యాడుండాదో చూడు. పోయి పక్కన కూర్చో.”

ప్లేటు ఎత్తుకుని నిదానంగా అటూ ఇటూ చూసింది. చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి తన బ్యాగు తీసి కింద పెట్టి చోటిచ్చింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ తినసాగారు. నాకు వినపడలేదు. సీసా ఇవ్వకుండానే వచ్చేశాను.

సాయంత్రం మా ఆయనతో, దసరా గడువు గురించి మళ్లీ మాట్లాడాలన్నాను.

“ఏం, బేరం తిరగదోడ్తాండావా?”

“ముందు విను” అని చూసినదంతా చెప్పాను.

“ఆ పాప ఎవురి పాప?” అన్నాడు.

“నాకేం తెలుసు? నేను పెట్టిన బొమ్మా అది?”

“కనుక్కో. దసరా సెలవులైనాక కాలేజీ తెరుస్తారు గదా, అప్పుడు ఒకసారి ఇంటికి పిల్చుకొని రమ్మను.”