రింగు లోపలి పసుపు

2009లో ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పోయే దారిలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లి వీడియోలు, పాస్‌పోర్టు ఫోటోలు నా బతుకుతెరువు. చెడిపోయిన కెమెరా ఏది కనబడినా విప్పి చూడటం నా పిచ్చి. నా పనితనాన్ని బజార్లో నలుగురూ మెచ్చుకుంటుంటే లోలోపల తెగ పొంగిపోయేవాణ్ని. ఆ పొంగే ఒక మనిషి కొంప ముంచింది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

లింబాద్రిది వేల్పూర్. పసుపు కమీషన్ ఏజెంటుగా ఉన్న ఒక సేట్ దగ్గర జీపు నడిపేవాడు. ఆ మార్చిలో, వాళ్ల బావ దుబాయ్ నుంచి తెచ్చిన ఒక చిన్న కెమెరా పట్టుకొని వచ్చాడు. జీపు డ్యాష్‌బోర్డు మీద పెడితే ఎదురుగా ఉన్న రోడ్డంతా రికార్డవుతుంది. అలాంటిది నేను అప్పటిదాకా చూడలేదు.

“ఎవడచ్చి గుద్దినా సేట్ నన్నే అంటడన్నా. డ్రైవర్ మాట ఎవరింటరు? ఇగ గిది చెప్తది,” అన్నాడు. చిక్కల్లా ఏమిటంటే, డ్యాష్‌బోర్డు మీద పరిచిన తెల్లగుడ్డ ముందద్దంలో ప్రతిఫలించి, బొమ్మ సగం తెల్లబడుతోంది.

దానికి మందు నాకు తెలుసు. పోలరైజర్ ఫిల్టర్ అని నల్లద్దం లాంటి చిన్న గాజు ఉంటుంది. దాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట అద్దం మీది మెరుపు చచ్చిపోతుంది. కానీ ఈ కెమెరాకు ఫిల్టర్ బిగించే మరలు లేవు. రెంటినీ కలిపే రింగు కావాలి, దాన్నే అడాప్టర్ అంటాం. డిజిటల్ వచ్చాక స్టూడియోలో ఖాళీ ఫిల్ము డబ్బీలు కుప్పగా మిగిలాయి. ఒక డబ్బీ మూతకు నడుమ గుండ్రంగా కోసి, ఆకురాయితో గీకి, పాత వీడియో కెమెరా ఫిల్టర్‌ను అందులో కూర్చోబెట్టాను. నిజానికి దుమ్ము దూరకుండా వెనక మెత్తటి స్పాంజి అంచు వేయాలి, తీసి తుడుచుకునే వీలుండాలి. పెళ్లిళ్ల సీజన్, తీరిక లేదు. రెండూ వదిలేసి జిగురుతో అతికించేశాను. లింబాద్రి బొమ్మ చూసి, “మస్తు చేసినవన్నా,” అని నా చేయి పట్టుకున్నాడు.

వారం తిరక్కముందే వచ్చాడు. “బొమ్మ మబ్బుమబ్బుగ వస్తుందన్నా. లోపట ఏమన్న వోయిందేమో, జర ఇప్పి చూడు.”

విప్పితే రింగు విరుగుతుంది, మళ్లీ మొదటినుంచీ పని. పైగా నేను చేసినదానికి వంక పెడతాడా అని రోషం. పైపైన తుడిచి, “పసుపు సీజన్ల గింతే ఉంటది, పో,” అన్నాను. మరో వారానికి మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే మాట చెప్పి పంపాను.

ఏప్రిల్‌లో ఒక ఉదయం సేట్ స్వయంగా స్టూడియోకు వచ్చాడు, వెనక లింబాద్రి. ముందురోజు మాక్లూర్ దగ్గర పక్కదారి నుంచి ఒక స్కూటర్ జీపు కిందికి వచ్చింది. నడిపినాయనకు కాలు విరిగింది. ఆయన సేట్‌కే ఏటా పసుపు అమ్మే రైతు.

“నేను హారన్ గొట్టిన, బ్రేక్ గూడ ఏసిన సేట్. ఆయననే చూడకుండ వచ్చిండు. గీ కెమెరాల ఉంటది, మీరే చూడుండ్రి,” అంటున్నాడు లింబాద్రి.

కెమెరాలోని మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాను. ఎదురెండ. తెరంతా పసుపు పొగ. అందులో ఒక నీడ కదిలింది, అంతే. స్కూటర్ ఎటునుంచి వచ్చిందో దేవుడికే ఎరుక.

“ఏం కనవడ్తలేదేందయ్యా?” అన్నాడు సేట్.

ఎందుకు కనబడటం లేదో నాకు ఆ క్షణానే తెలిసింది. సేట్ గోదాములో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము పక్కనే జీపు నిలబడుతుంది. ఆ దుమ్ము నా రింగు సందులోంచి దూరి లెన్స్ మీద పేరుకుంది. తెలిసి కూడా నేనన్న మాట ఇది: “రోజు తుడువాలె సేట్. తుడువకుంటే గిట్లనే అయితది.”

లింబాద్రి నా మొహంలోకి చూశాడు. రెండుసార్లు వచ్చానని చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. సేట్ వెళ్లిపోయాక కెమెరాను బల్ల మీద పెట్టి, “నీ తాన్నే ఉంచుకో,” అని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే అతని పని పోయింది.

మర్నాడు బ్లేడుతో రింగు ఊడదీశాను. ఫిల్టర్ బయటివైపు తళతళలాడుతోంది, ఒక్క మరక లేదు. లోపలివైపు వేలు పెడితే పచ్చగా అంటింది.

వేల్పూర్ పోవడానికి నాకు నెల పట్టింది. లింబాద్రి ఎవరిదో ట్రాక్టర్ కూలికి నడుపుతున్నాడు. ఇంజను ఆపకుండానే నా మాటలన్నీ విన్నాడు.

“నాకెందుకు చెప్తున్నవన్నా? నాకు గా దినమే ఎర్క. పోయి సేట్‌కు చెప్పు.”

అక్కణ్నుంచి నేరుగా సేట్ దగ్గరికే పోయాను. అప్పటికి జీపుకు కొత్త డ్రైవర్ వచ్చేశాడు. సేట్ అంతా విని, “గా దినం ఎందుకు చెప్పకపోతివి?” అని ఒక్కటే అడిగాడు.

ఆ తర్వాత రింగులు చాలా చేశాను, అన్నిటికీ స్పాంజి అంచుతో, ఊడదీసుకునేలా. చేసిన పని వెనక్కి వస్తే మొదట నా చేతిపనినే విప్పి చూస్తాను. రింగు సరిగా చేయలేదన్న బాధ ఎప్పుడో పోయింది. కానీ ఒకటి మాత్రం పోలేదు: ఆ ఉదయం సేట్ నన్ను అనుమానించనే లేదు. ఎవరూ నా వైపు వేలు చూపకముందే, నేనే లింబాద్రిని చూపించాను.