ఐదు వోల్టుల కోసం సామర్లకోట

అన్నవరం ప్రయాణం నేను అనుకుని పెట్టుకున్నది కాదు. ఉదయం ఆరున్నరకి రామచంద్రపురంలో నా కుట్టు దుకాణం షట్టరు ఎత్తుతుంటే సామర్లకోట నుంచి అక్క భర్త సూరిబాబు బావగారు ఫోన్ చేశారు.

"నాగమణీ, బండి కదలట్లేదమ్మా. స్టార్టవుతుంది, ఆగిపోతుంది. దాని కంప్యూటరే పోయిందంటున్నాడు మెకానిక్కు. మధ్యాహ్నం కొత్త దంపతుల్ని అన్నవరం వ్రతానికి తీసుకెళ్తానని మాటిచ్చేశాను."

ఇన్నేళ్ళూ ఎవరెవరివో లారీలు తోలి, నెల కిందటే ఆయన సొంతానికి ఒక పాత కారు కొనుక్కున్నారు. ఇదే మొదటి పెళ్ళి కిరాయి. ఇది పోతే బండి అమ్మేసి మళ్ళీ లారీ ఎక్కుతానన్నారు. ఎత్తిన షట్టరు దించేశాను.

నాకు కారు తోలడం రాదు. కుట్టుమిషను మోటారు బాగుచేసుకుందామని మా శాఖా గ్రంథాలయంలో ఒక విద్యుత్తు పుస్తకం తెచ్చుకున్నాను. అది పూర్తయ్యాక పక్కనున్నది, ఆ పక్కనున్నది, అలా కార్ల సెన్సార్ల దాకా వచ్చాను. ఆ పుస్తకం మూడుసార్లు చదివానని చెప్పుకోవడం నాకు ఇష్టమే. మోటారు కోసం కొన్న మల్టీమీటరు సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఏడుంపావుకి కాకినాడ బస్సు దొరికింది. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే చార్జీ లేదు, కార్డు మరిచిపోకండి. కిటికీ పక్కన చోటు దొరికితే దారి పొడవునా వరిచేలు, కొబ్బరితోటలు చూసుకుంటూ వెళ్ళొచ్చు. పక్కన పూలబుట్టతో కూర్చున్న పెద్దావిడ నా ఒళ్ళో మీటరు చూసింది.

"ఏంటమ్మా అది, బీపీ చూసే మిషనా?"

"కారుకి చూసేదండి."

"కారుక్కూడా బీపీయేనా! మా ఆయనొక్కడికే అనుకున్నాను."

కాకినాడ బస్సు కాంప్లెక్సు దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాను. అట్టు బాగుంది, అల్లం చట్నీ మాత్రం పల్చన. అక్కణ్ణుంచి సామర్లకోటకి ఎప్పుడూ బస్సులుంటాయి. పదింటికల్లా బండి ఉన్న మెకానిక్కు షెడ్డులో ఉన్నాను.

మెకానిక్కు చిన్నారావుగారు నెమ్మదైన మనిషి. తన స్కానరు చూపించారు. నాలుగు సెన్సార్లు ఒకేసారి చెడిపోయినట్టు చూపిస్తోంది. "నాలుగూ ఒక్కరోజే పోవు కదండీ. అందుకే కంప్యూటరన్నాను" అన్నారు.

ఆ ఆలోచన సబబే. కానీ పుస్తకంలో ఇంకో మాట ఉంది. కంప్యూటరు ఐదు వోల్టుల కరెంటుని ఒకే తీగ మీద చాలా సెన్సార్లకి పంపుతుంది. పిల్లకాలువకి ఒకచోట గండి పడితే కింది చేలన్నిటికీ నీళ్ళు అందనట్టే, ఒక్క సెన్సారు షార్టయితే అన్నీ పడుకుంటాయి. గండి ఎక్కడుందో తెలియాలంటే ఒక్కొక్క ప్లగ్గే పీకుతూ మీటరు చూడాలి.

తాళం తిప్పి, ఇంజను ఆపి ఉంచి కొలిచాం. ఐదు ఉండాల్సిన చోట అర వోల్టు కూడా లేదు. నేను మీటరు పట్టుకున్నాను, చిన్నారావుగారు ప్లగ్గులు పీకారు. థ్రాటిల్‌ది పీకినా ముల్లు లేవలేదు. గాలి ఒత్తిడి చెప్పేది, ఆక్సిలేటరుది కూడా తీశాం. పుస్తకంలో బొమ్మ వేసిన సెన్సార్లన్నీ అయిపోయాయి. నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

బావగారు షెడ్డు మెట్టు మీద కూలబడ్డారు. "వదిలెయ్యమ్మా. స్వామికే నా బండి నచ్చలేదు. పోయిన ఆదివారం అన్నవరం కొండ కింద తొలిపావంచా దగ్గర బండికి పూజ చేయించాను, వారం తిరక్కుండా ఇలా అయింది. రోజూ పొద్దున్నే ఒక కొబ్బరికాయ కొడుతూనే ఉన్నాను."

"కాయ ఎక్కడ కొడుతున్నారు బావగారూ?"

"బండి ముందరే. తోటలోంచి తెచ్చిన కాయే కదా, అన్ని నీళ్ళు పారబొయ్యడం దేనికని కాస్త కుంకం కలిపి ముందు జాలీలోంచి లోపలికి పోస్తున్నాను. ఇంజనుకి చల్లగా ఉంటుందని."

నేనూ చిన్నారావుగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. జాలీ వెనకే ఏసీ గ్యాసు ఒత్తిడి చూసే సెన్సారుంది. దానికీ ఆ ఐదు వోల్టులే. ఇంజనుది కాదని నా పుస్తకం దాని బొమ్మ వెయ్యలేదు, నేనూ అడగలేదు. ఆయన చెయ్యి దూర్చి ప్లగ్గు పీకారు. లోపలంతా ఎర్రటి అట్ట కట్టి ఉంది. మీటరు ఐదుకి లేచి నిలబడింది.

"ఆయ్!" అని అరిచారు చిన్నారావుగారు.

బావగారు మాత్రం ఆ ఎర్రటి ప్లగ్గునే చూస్తున్నారు. "అంటే నేను పోసిన నీళ్ళేనా?"

ఆయన పక్కకెళ్ళి చెప్పాను. "స్వామికి కోపం లేదండీ. కాయ ఆయనదే, దండం ఆయనదే. నీళ్ళొక్కటీ తీగల్లోకి వద్దు, అంతే."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అయితే అమ్మక్కర్లేదన్నమాట."

సెన్సారు కడిగినా లాభం లేకపోయింది. ప్లగ్గు ఊడదీసి దానికి ప్లాస్టిక్కు చుట్టి, అలాగే వదిలేశాం. బండి నడుస్తుంది, ఏసీ రాదు. ఒంటిగంటకి కొత్త దంపతుల ఇంటి ముందు ఆగాం. బావగారు చేతులు నలుపుకుంటూ ఏసీ సంగతి చెప్పారు. పెళ్ళికూతురు నవ్వేసింది. "పర్వాలేదండి, రాత్రంతా హోమం పొగలో కూర్చున్నాను. గాలొస్తే చాలు." బావగారు నన్నూ అన్నవరం దాకా రమ్మన్నారు, దారిలో ఆగితే చూసేవాళ్ళుండాలి కదా అని.

దారిలో ఎక్కడా ఆగలేదు. అన్నవరంలో రత్నగిరి కొండ ఘాటీ కూడా ఒక్క ఊపున ఎక్కేసింది. వాళ్ళు వ్రతంలో కూర్చున్నంతసేపూ మేం నీడన కూర్చున్నాం. ఆకులో పొట్లం కట్టిన గోధుమనూక ప్రసాదం వేడిగా తినండి, మోసుకెళ్తే ఆ రుచి ఉండదు.

తిరుగుదారిలో కొండ దిగగానే తొలిపావంచా దగ్గర బావగారు బండి ఆపారు. కాయ కొని టైరు ముందు కొట్టారు. బానెట్టు మీద వేలితో బొట్టు పెట్టారు. రెండు చిప్పలూ పట్టుకుని అలవాటుగా జాలీ దాకా వంగి, ఆగారు. వెనక్కి తిరిగి ఒక చిప్ప నా చేతికిచ్చారు.

"ఇవాళ్టి నుంచీ ఇంజను వాటా నీదే మరదలా. తాగు."

తాగాను. పొద్దుటి నుంచీ మరిచిపోయిన దాహమంతా ఒక్కసారి తెలిసింది. సామర్లకోటలో కొత్త దంపతుల్ని దింపి, బస్సెక్కిస్తే చాలన్నా వినకుండా, ఆయన నన్ను రామచంద్రపురం దాకా తెచ్చి దింపారు. కిటికీలన్నీ తీసే ఉన్నాయి. దారంతా చేల తడివాసన లోపలికి వస్తూనే ఉంది. ఏసీ బాగుచేయించమని చెబుదామనుకున్నాను. చెప్పబుద్ధి కాలేదు.