బంచోప్ వదలని బొమ్మ

థాయ్‌లాండ్‌లోని నాన్ నదిలో పడవ పందేలంటే టీవీ వ్యానులో బంచోప్ ఉండాల్సిందే. గమ్యం దగ్గర మంచె మీదున్న వేగపు కెమెరా పగ్గాలు వ్యానులో ఆయన మీట దగ్గరే ఉంటాయి. సెకనుకు వెయ్యి బొమ్మలు తీసే ఆ కెమెరాకు ఒక అవలక్షణం ఉంది. తీసినదాన్ని బయటికి పంపుతున్నంతసేపూ కొత్తగా ఏమీ తీయదు. బంచోప్ వదిలితేనే మళ్ళీ తీస్తుంది. ఇదంతా ఆయనకు కొట్టిన పిండే.

కాకపోతే మనిషికి మెప్పు పిచ్చి. నీటిచుక్కను గాల్లో నిలబెట్టి చూపిస్తే వ్యాఖ్యాత "అబ్బ, ఏం చెయ్యండీ బంచోప్‌ది!" అంటాడు. ఆ ఒక్క మాటకు బంచోప్ వారం రోజులు పొంగిపోతాడు.

ఆ ఏడు ఫైనల్లో రెండు పడవలు సమానంగా దూసుకొస్తున్నాయి. ఒకటి సవేంగ్ ఊరిది, రెండోది అవతలి గట్టుది. మంచె మీద కెమెరా పట్టేది ఆ సవేంగే, బంచోప్‌కు పద్దెనిమిదేళ్ళ స్నేహితుడు. గమ్యం ఇంకాస్త దూరముందనగా ఒకడి తెడ్డు విరిగి నీళ్ళు చిమ్మాయి. బంచోప్ దాన్ని కెమెరాలో పట్టుకున్నాడు. కార్యక్రమం ముగింపులో వేసుకోవచ్చని కెమెరాలోంచి బయటికి లాగి దాచుకుంటూ, ఇంకొక్క క్షణం అనుకుంటుండగానే పడవలు గీత దాటేశాయి.

న్యాయనిర్ణేతలు గీత దాటిన క్షణాన్ని నిదానంగా చూపే బొమ్మ అడిగారు.

"పంపు బంచోప్!" అని అరిచాడు డైరెక్టర్.

"మంచె మీంచి ఏమీ రాలేదు సార్. వైరు తడిసినట్టుంది."

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. న్యాయనిర్ణేతలు కంటితో చూసింది నమ్మి అవతలి గట్టు పడవకు గెలుపు ఇచ్చేశారు. సవేంగ్‌ను మంచె దింపేశారు.

"ఏరా, మన పడవ వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చిందా?"

"కాదులే, అవతలి గట్టున పిల్లను చూసుకున్నాడు!"

సవేంగ్ ఊరివాళ్ళ ఆ మాటలు వ్యాను దాకా వినబడ్డాయి. బంచోప్ తల దించుకుని జిగురన్నం పొట్లం విప్పాడు. అంతలో సవేంగ్ వైరు కొస పట్టుకుని వచ్చాడు.

"అన్నా, మూడుసార్లు తుడిచాను. తడి ఎక్కడుందో కనబడట్లేదు. నావల్ల నీ పరువూ పోయింది. క్షమించు." వంగి చేతులు జోడించాడు.

బంచోప్ పొట్లం పక్కన పెట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"తడి లేదురా. నేనే కెమెరాను వదల్లేదు. ఆ తెడ్డు విరిగిన బొమ్మ దాచుకుంటూ కూర్చున్నా." అని తనూ చేతులు జోడించబోయాడు.

సవేంగ్ చటుక్కున వెనక్కి జరిగాడు. "చేతులు దించన్నా! పెద్దవాడివి నువ్వు నాకు దండం పెడితే నా ఆయుష్షు తగ్గుతుంది. ఇవాళ తగ్గింది చాలు." గట్టువైపు చూశాడు. "నాకు చెప్పి ఏం లాభం? మావాళ్ళకి చెప్పు."

బంచోప్ వ్యాఖ్యాత పందిరిలోకి వెళ్ళి మైకు అడిగాడు. గట్టు పొడవునా ఆయన గొంతు వినబడింది.

"సవేంగ్ తప్పేమీ లేదు. బొమ్మ తీయనీయకుండా కెమెరాను ఆపింది నేను. అబద్ధమాడింది కూడా నేనే. ఎవరు గెలిచారో ఇక చూపించలేను."

వ్యాఖ్యాత మైకు వెనక్కి తీసుకున్నాడు, బంచోప్ చెయ్యి తనకు తగలకుండా.